తేటనీటి మోసం

శోణవాహిని సముద్రంలో కలిసే చోట, మొగలిపొదల నడుమ, ఏటిమొగ అనే జాలరిపల్లె ఉంది. ఆ ఉదయం పల్లె పల్లెంతా ఒడ్డున నిలబడిపోయింది. నడుములోతు నీళ్లలో ఒంటరిగా నిలబడి, తల వంచి, తన పాదాలవైపే చూస్తోంది నూకాలు. ఆమె నోటివెంట ఏ మాట వస్తుందోనని జనం గుటకలు మింగుతున్నారు.

"కనపడతన్నాయి," అంది నూకాలు చివరికి. ఆ గొంతులో సంతోషం లేదు. "రెండు కాళ్ల మట్టెలూ కనపడతన్నాయి."

ఒడ్డు దద్దరిల్లింది. "వలకట్టు ఇప్పెయ్! ఇప్పెయ్!" అంటూ ఆడామగా గంతులేశారు. గంతులెయ్యరా మరి! తొమ్మిది రోజులుగా ఉప్పుగంజి తాగి బతుకుతున్న కడుపులవి.

వలకట్టంటే ఏమిటో చెప్పాలి. ఏటా తొలివానలకు కొండల ఎర్రమట్టి కొట్టుకొచ్చి శోణవాహిని ఎర్రబడుతుంది. ఆ నీటివాసన పట్టుకుని సముద్రంలోంచి వెన్నపొలసలు ఏరెక్కుతాయి. వెన్నపొలస అంటే మాటలా! వీపు నెమలికంఠం నీలం, పక్కలు మెరుగుపెట్టిన వెండి, పొట్టమీద పొద్దుటి ఎండలాంటి లేత పసిమి. చింతపులుసులో ఒక్క ఉడుకు వచ్చిందంటే వీధి చివర ఇంట్లో జ్వరం పడ్డవాడు కూడా లేచి కూర్చుంటాడు. దానికోసం యాభైయారు దేశాల రాజులూ నాలుక చాచుకు కూర్చుంటారు. అదే ఆ చేపకు పట్టిన పీడ. కడుపులో జన, అంటే గుడ్ల తిత్తి, మోసుకుంటూ అది ఎదురీది పులికోన మడుగుల దాకా పోవాలి. అక్కడ గుడ్లు పెట్టాలి. అప్పుడే మరుసటి ఏటికి చేప.

అందుకని ఎర్రనీరు తగిలిన రోజునే ఏటిమొగలో ఇంటింటి వలా తెచ్చి గుంజలమీద ఆరేస్తారు. వలకట్టు పెద్ద అయిన ఆడమనిషి ఆ వలలన్నిటినీ ఒకే మోకుతో కలిపి ముడివేస్తుంది. ఆమె నడుములోతు నీళ్లలో నిలబడి తన మట్టెలు తాను చూసుకోగలిగిన రోజున ఆ ముడి విప్పుతుంది. నీరు తేరిందంటే చేప గుడ్లు పెట్టేసినట్టే లెక్క. ఇరవై రోజులు పట్టేది, ఒక్కో ఏడు నెల పట్టేది. తాతల నాటి రాజశాసనం కూడా ఒకటుంది. వలకట్టు రోజుల్లో శోణవాహినిలో వల వేసినవాడు రాజైనా సరే, వాడి కుడిచెయ్యి తెగాల్సిందే.

ఈ ఏడు తొమ్మిదో రోజుకే నీరు తేరింది. నూకాలు మనసు కీడు శంకించింది. కానీ కళ్లతో చూసినదాన్ని కాదనడం ఎలా? మట్టె కనపడ్డాక కూడా ముడి విప్పకపోతే ఆమె అబద్ధాలకోరు అవుతుంది. గుంజల దగ్గరికి నడిచి మోకు విప్పింది. మర్యాద ప్రకారం దాన్ని చుట్టచుట్టి తన భుజాన వేసుకుంది. నలభై పడవలు నీళ్లలోకి దూకాయి. అన్నిటికంటే ముందున్న పడవ ఆమె మొగుడు గురయ్యది.

గుంపుకు వెనగ్గా, చిరిగిన గోచీతో, మసిబారిన తలపాగాతో ఒక పడుచువాడు పళ్లు పటపట కొరుకుతున్నాడు. ఊళ్లో అతణ్ణి సింగడంటారు. ఉప్పు బస్తాలు మోసే కూలివాడనుకుంటారు. నిజానికతడు హేమకుంభ రాజ్యపు యువరాజు కువలయుడు. అతడి తండ్రి దుర్జయ మహారాజుకు డెబ్భై ఏళ్లు నిండి చావుభయం పట్టుకుంది. కంకాళుడనే మాంత్రికుడు ఆ భయాన్ని పసిగట్టి, లక్ష వెన్నపొలసల జన మరగించి రసాయనం చేసిపెడతాననీ, అది తాగితే మళ్లీ పాతికేళ్ల పడుచువాడివవుతావనీ నమ్మించాడు. నిండు సభలో అది తప్పని అన్నందుకు కువలయుణ్ణి చెరలో వేశారు. తప్పించుకుని వచ్చి, చేపను కాపాడదామని ఈ పల్లెలో మారువేషంలో ఉన్నాడు. తన పేరు బయటపడితే కంకాళుడు పల్లెను బూడిద చేస్తాడని అతడి భయం. ఆ భయం ఎంత పని చేసిందో చూద్దురు గాని!

మొదటి పడవ అరగంటలో ఒడ్డుకొచ్చింది. నాలుగు గంపల వెన్నపొలస! నిరుడు ఏడాది పొడుగునా నలభై పడవలకీ కలిపి మూడు గంపలు పడింది. జనం మీద పడి కళ్లకద్దుకుంటున్నారు. కువలయుడు ఒక చేపను ఎత్తి నూకాలు చేతుల్లో పెట్టాడు.

"అత్తా, దీని పొట్ట నొక్కి చూడు."

ఆమె నొక్కి చూసింది. మొహంలో నెత్తురు చుక్క లేదు. గబగబా కత్తితో చీరింది. రెండు నిండు తిత్తులు, పసుపుముద్దల్లా, చెక్కు చెదరకుండా ఉన్నాయి. రెండో చేపను చీరింది, మూడోదాన్ని చీరింది. అన్నీ అంతే. ఒక్క చేప కూడా గుడ్లు పెట్టలేదు.

"ఓలమ్మో!" అని నూకాలు గుండెలు బాదుకుంది. "తల్లుల్ని పట్టేశామురా సింగా! నీరు తేరింది గానీ సేప ఇంకా పైకెల్లలేదు. ఇదే ఆకరి మంద. ఇది పోతే మనకింక ఎన్నపొలస అన్న మాటే ఉండదు. ఊరు ఊరంతా అడుక్కు తినాల!"

ఇద్దరూ గట్టు వెంబడి పరుగెత్తారు. పైన అరక్రోసు దూరంలో ఏరు రెండు నల్లబండల మధ్య ముడుచుకుంటుంది. ఆ చోటుకు పిడికిలి అని పేరు. ఏరెక్కే చేప ఎంతున్నా అక్కడ ఒకదాని వీపుమీద ఒకటి ఎక్కి దూరాల్సిందే. గురయ్య అక్కడికే చేరాడు. ఊరి పెద్దవలను రెండు బండలకీ అడ్డంగా కట్టి, వల పైఅంచున ఉండే తలతాడు నడుముకు చుట్టుకుని పడవలో నిలబడ్డాడు. పెద్దవల పట్టేవాడు తాడు నడుముకు కట్టుకోవడం అక్కడి పద్ధతి. వల బరువు చేతులకంటే నడుముకు బాగా తెలుస్తుందంటారు.

"వల తీసెయ్ మావా!" అని అరిచాడు కువలయుడు. "చేప కడుపులో జన ఉంది. ఎవడో నీటిని మాయ చేశాడు!"

గురయ్య చుట్ట పక్కకు ఉమ్మాడు. "నిన్నగాక మొన్నొచ్చిన ఉప్పుకూలోడివి, నాకు సేప సంగతి సెప్తావేట్రా? మట్టెలు సూసింది మా ఆడది. ఊరంతా ఇన్నారు."

"నేనే సెప్తన్నాను, ఇదిగో," అంది నూకాలు రొప్పుతూ. "నా కళ్లు మోసపోయాయి. తీసెయ్."

"పొద్దున కనపడిందన్నావు, ఇప్పుడు కాదంటన్నావు. నీ నోటికి పూటకో మాట, ఏటికి పూటకో నీరా? నా ఎనకాల ముప్పైతొమ్మిది పడవలున్నాయే. ఆళ్ల పిల్లలు తొమ్మిది రోజులై ముద్ద ఎరగరు. ఆళ్లకి నేనేటి సెప్పాల?" గురయ్య వెనక్కి చెయ్యి చూపాడు. చెడ్డవాడు కాదు, ఆకలిగొన్నవాళ్ల మధ్య నిలబడ్డవాడు. "నీరు మాయనీరైతే ఆ మాయ చేసినోణ్ణి సూపించు. అప్పుడు తీస్తాను."

"సూపిస్తాను. నీరొచ్చేది పులికోన నుంచే కదా," అని నూకాలు మోకు భుజంమీద ఎగదోసుకుని ముందుకు నడిచింది.

పులికోన అక్కడికి క్రోసు దూరం. నడిచి వెళ్తే పుణ్యకాలం గడిచిపోతుంది. కువలయుడు గట్టుమీది మొగలిపొదలోకి దూరి, జీనుతో సహా ఒక నల్లగుర్రాన్ని బయటికి నడిపించుకొచ్చాడు. దాని జీనుకు ఒక పొడవాటి కత్తి వేలాడుతోంది.

నూకాలు ఎగాదిగా చూసింది. "కూలోడికి గుర్రమేట్రా?"

"దొంగిలించానత్తా."

"కత్తో?"

"అదీ అంతే."

"నువ్వెవడివో తరవాత అడుగుతాను. ఎక్కించు," అంది నూకాలు.

గుర్రం గాలిలా లేచింది. ముళ్లడొంకలు, జారుడుబండలు, నిట్టనిలువు ఎక్కుడు దాటుకుంటూ పోయింది. ఒకచోట కొమ్మమీంచి కొండచిలువ తలకిందులుగా వేలాడి నూకాలు జుట్టును అందుకోబోయింది. యువరాజు చూడకుండానే కత్తి తిప్పాడు. తల ఒక పక్క, మొండెం ఒక పక్క పడ్డాయి. నూకాలు కెవ్వుమనలేదు గానీ, ఆ తర్వాత అతడి నడుమును రెండు చేతులా పట్టుకుంది.

పులికోన చేరి ఇద్దరూ గుర్రం దిగారు. అబ్బ, ఎంత కట్టండీ అది! రెండు కొండల మధ్య, తాటిచెట్టంత ఎత్తున, వెదురుతడికలు, బంకమన్ను, ఏనుగంతేసి దుంగలు కలిపి రాక్షసులు కట్టినట్టున్న కట్ట. దాని వెనక ఎర్రనీరు కోన నిండా సుళ్లు తిరుగుతోంది. అంత నీరూ ఆగిపోయి, కట్టలోని వెయ్యి బుట్టల గుండా మాత్రమే కొద్దికొద్దిగా కిందికి కారుతోంది. నూకాలు ఒక బుట్టలో చెయ్యి పెట్టి చూసింది. దాన్నిండా చిల్లగింజల పొడి.

"మా ఇళ్లల్లో బురదనీల్ల కుండలో అరగదీసే గింజే ఇది!" అంది ఆమె. "కుండలో మట్టి అడుక్కి దిగుద్ది. ఈ దొంగనాయాలు ఏరు ఏరునే కుండ చేశాడు!"

అదీ ఆ కంకాళుడి ఎత్తు. వాడి కడుపు కాలా! వలకట్టు రోజుల్లో రాజభటులు వల వేస్తే శాసనం ప్రకారం చెయ్యి పోతుంది. జాలరులే తమంతట తాము ముడి విప్పి, తమ చేత్తోనే తల్లిచేపల్ని పట్టి తెచ్చి ఇస్తే ఎవరిదీ తప్పు కాదు. కాస్త దూరంలో గట్టుమీద రాజుగారి డేరాలు, జన మరగించడానికి ఏనుగు పట్టేంత రాగి గంగాళాలు కనిపిస్తూనే ఉన్నాయి.

కట్ట నడుమ ఒక పెద్ద టేకుగుంజ పాతి ఉంది. తడికలూ దుంగలూ అన్నిటి తాళ్లూ దానికే కట్టి ఉన్నాయి. అది తెగితే కట్ట నిలవదు. కువలయుడు కత్తి దూసి కట్టమీదికి అడుగు పెట్టాడు. గుంజ పక్కన రాతితో చెక్కిన మొసలి ఒకటి పడుకుని ఉంది. అతడి నీడ దాని మీద పడింది. అంతే! రాతిరెప్పలు టపటపా తెరుచుకున్నాయి. బారెడు తోక గిర్రున తిరిగి అతడి కాళ్లను కొట్టింది. కత్తి ఎగిరి దూరంగా పడింది. యువరాజు వెల్లకిలా పడి, దొర్లి, మళ్లీ దొర్లాడు. అతడు దొర్లిన ప్రతిచోటా ఆ దవడలు మట్టిని బుట్టెడేసి కొరికాయి. చివరికి అంచు వచ్చేసింది. ఇంకొక్క దొర్లు దొర్లితే సుడిలోకే.

"నోరు ముయ్యనియ్యి, సింగా! కదలకు!" అని కేకేసింది నూకాలు.

మొసలి మూడోసారి కొరికింది, అతడి చెవి పక్కన మట్టే దానికి దొరికింది. దవడలు ఠప్పున మూసుకున్నాయి. ఆ క్షణంలో వలకట్టు మోకు ఉచ్చు ఎగిరొచ్చి దాని మూతికి పడింది. నూకాలు లాగి ముడి బిగించింది. మొసలికి కొరికే బలమే గానీ నోరు తెరిచే బలం ఉండదని జాలరిదానికి ఒకరు చెప్పాలా! అది గింజుకున్నకొద్దీ ముడి బిగిసింది. యువరాజు లేచి, రెండు కాళ్లతో తన్ని దాన్ని సుడిలోకి దొర్లించాడు. రాయి రాయిలాగే మునిగిపోయింది. మోకు కూడా దానితోపాటే పోయింది.

"భేష్!" అని ఎవరో చప్పట్లు కొట్టారు.

టేకుగుంజ కొనమీద ఇంతసేపూ ఒంటికాలిమీద నిలబడ్డ కొంగ కిందికి దిగింది. దిగుతూనే ఎముకలగూడు లాంటి ముసలివాడైంది. మెడలో చేపముళ్ల దండ, కళ్లు మాత్రం కొంగవే. కంకాళుడు!

"కొట్టండి, గుంజ కొట్టండి. నేను అడ్డం రాను," అన్నాడు వాడు పళ్లు ఇకిలించి. "కానీ ఆడకూతురా, ఒక్క మాట. ఈ నీరంతా ఒక్కుమ్మడిగా పోయి పడేది పిడికిలిలోనే. అక్కడ నలభై పడవలున్నాయి. అన్నిటికంటే ముందు నడుముకు తాడు కట్టుకుని నిలబడింది ఎవరో తెలుసు కదా?"

 యువరాజు కత్తి అందుకుని వాడిమీదికి ఉరికాడు. కత్తి గాలిని కోసింది. వాడు పది అడుగుల అవతల నిలబడి నవ్వుతున్నాడు.

"అత్తా, ముందు పోయి అందరినీ ఒడ్డెక్కిద్దాం. తరవాత వచ్చి కొడదాం," అన్నాడు కువలయుడు.

"పొండి, పొండి," అన్నాడు కంకాళుడు. "మీరు వెళ్లి వచ్చేలోపల మీ గురయ్య వల పైకి లాగుతాడు. అదిగో, డేరాల దగ్గర నా భటులు కూడా గుర్రాలెక్కుతున్నారు. మీరు తిరిగొచ్చేసరికి ఈ గుంజ చుట్టూ వంద ఈటెలుంటాయి." ఆ మాటంటూనే కొంగై డేరాలవైపు ఎగిరిపోయాడు.

డేరాల దగ్గర నగారా మోగింది. నూకాలు ఎర్రనీటివైపు ఒకసారి, కిందికి పారే తేటనీటివైపు ఒకసారి చూసింది. ఆమె కళ్లవెంట నీళ్లు ధారగా కారుతున్నాయి. వాటిని తుడుచుకోనైనా లేదు.

"కత్తి ఇలా ఇయ్యి," అంది. "నువ్వు గుర్రమెక్కి ఎల్లు. ఆ గుర్రాలోల్లు నా మీదకొచ్చేదాకా ఆగుతాను. అంతకంటే ఆగలేను. నీ గుర్రం ఏటికంటే జోరుగా ఎల్తే మా ఓళ్లు బతుకుతారు."

"అత్తా, ఆ పడవలో మావ..."

"నా మొగుడని నాకు సెప్తావేట్రా? ఎల్లు!"

ఎలా వెళ్లాడో అతడికే తెలియదు. గుర్రం నోట నురగలు కక్కుతోంది. ఎక్కిన ఎక్కుడంతా ఇప్పుడు దిగుడైంది. బండమీద జారి మోకాళ్లమీద కూలబడి, మళ్లీ లేచింది. సగం దూరం వచ్చాడో లేదో, వెనక కొండ విరిగిపడ్డట్టు చప్పుడైంది. పక్షులన్నీ ఒక్కసారి చెట్లు వదిలి లేచాయి. నూకాలు గుంజ కొట్టేసింది.

తలతిప్పి చూశాడు. అయ్యబాబోయ్! ఎర్రటి గోడ ఒకటి, దానిమీద చెట్లు, తడికలు, దుంగలు ఎగురుతూ, కోన మలుపు తిరిగి వస్తోంది. అతడు గుర్రం మెడమీద పడుకుని దాని చెవిలో ఏడ్చినంత పని చేశాడు.

పిడికిలి కనిపించింది. "నీరొస్తోంది! ఒడ్డెక్కండి! ఒడ్డెక్కండి!" అని గొంతు పగిలేలా అరిచాడు. ఈసారి జాలరులు వాదించలేదు. ఆ గర్జన వాళ్లకూ వినపడుతోంది. తెడ్లు చకచకా ఆడాయి. పడవలు ఒకదాన్నొకటి ఢీకొంటూ గట్టుకు తగిలాయి. వలలు వదిలేసి జనం పైకి పాకారు. ముప్పైతొమ్మిది పడవలు ఖాళీ అయ్యాయి.

గురయ్య ఒక్కడే కదల్లేదు. కదలడానికి వీల్లేదు. పెద్దవలలో మంద మందంతా పడి ఉంది. నీళ్లు కనపడకుండా వెండి వీపులు కొట్టుకుంటున్నాయి. ఆ బరువుకు తలతాడు అతడి నడుములోకి దిగిపోయింది. పడవ ఒక పక్కకు ఒరిగింది.

"తాడు కోసెయ్ మావా! ఒడ్డుకు దూకు!" అని గట్టు అంచున గుర్రం దిగి అరిచాడు కువలయుడు.

"కోస్తే వల పోద్ది, సేప పోద్ది! ఊరి నోటికాడ కూడు!" అని అరిచాడు గురయ్య. "ఏటా నీరు? ఎక్కణ్ణించొచ్చింది?"

"పులికోనలో కట్ట కట్టి ఎర్రనీరు ఆపారు. అది తెంచాం!"

"ఎవరు తెంచారు?"

"నూకాలత్త!"

గురయ్య చేతిలో తెడ్డు ఆగిపోయింది. "నేనిక్కడున్నానని తెలిసే తెంచిందా?"

"తెలిసే తెంచింది మావా."

ఏటి గర్జన అప్పటికే మాట వినపడనంత దగ్గరికి వచ్చింది. అయినా గురయ్య పెదవుల కదలికను యువరాజు చూశాడు. "అయితే నిజమే," అన్నాడు గురయ్య.

మొలలోంచి కత్తి లాగాడు. నడుము తాడు కోసుకుని ఒక్క గెంతు గెంతితే గట్టు అందేది. అతడు ఆ పని చెయ్యలేదు. నడుము తాడు కోస్తే వల బండలకు అలాగే వేలాడుతుంది. మంద వలలోనే చిక్కి, వరదకు బండలకేసి కొట్టుకుని నుజ్జయిపోతుంది. అది అతడికి తెలుసు. పడవలో అటు కొసకు పాకి బండ మీది ముడి కోశాడు. మళ్లీ ఇటు పాకి రెండో బండ ముడి కోశాడు. వల విచ్చుకుంది. వెండిమంద ఒక్కసారిగా పిడికిలి దాటి పైకి లేచింది. ఎర్రనీటి గోడ ఎదురొచ్చినా చేప వెనక్కి తిరగలేదు. ఎదురీదడానికే పుట్టిన జాతి అది. గోడ అడుగు నుంచి దూరి వెళ్లిపోయింది.

కువలయుడు తలపాగా విప్పి విసిరాడు. దాని కొస గురయ్య వేళ్లకు తగిలింది. తగిలిందో లేదో, నీరు వచ్చి పడింది. పడవ లేదు, మనిషి లేడు. బండల నెత్తిన ఎర్రటి నురగ మాత్రం లేచి పడింది.

గట్టుమీది ఆడవాళ్ల ఏడుపు ఆకాశానికి అంటింది. యువరాజు అంచు వెంబడి పరుగెడుతూ, నీళ్లలోకి దూకి, కొట్టుకుపోయి, మొగలిదుబ్బు పట్టుకుని తేలి, మళ్లీ దూకాడు. ఇద్దరు జాలరులు అతణ్ణి జుట్టు పట్టి లాగారు. "ఊరుకోరా సింగా, నువ్వు కూడా పోతావు," అన్నారు. అతడి చేతిలో ఒక వలముక్క తప్ప ఏమీ లేదు.

అంతలో గట్టుదారిన నూకాలు పరుగెత్తుకొచ్చింది. చీరంతా బురద, చేతిలో యువరాజు కత్తి, భుజంమీద ఈటె గీసిన గాయం. వరద దారికి అడ్డం పడి రౌతుల్ని కాసేపు ఆపింది గనుకే ఆమె ముందు రాగలిగింది. అందరి మొహాలూ చూసింది. ఎవరూ ఆమె కళ్లలోకి చూడలేదు. కువలయుడి దగ్గరికి వచ్చి నిలబడింది.

"మందో?" అని అడిగింది.

"దాటింది అత్తా. మావ వల కోశాడు. రెండు ముడులూ కోశాడు."

"నా మాట నమ్మాడా?"

"నమ్మాడు."

ఆమె తల ఊపింది.  "మిగిలిన వలలు గుంజలకెక్కించండి," అంది జనంతో. "ఏరు ఎర్రబడింది." ఎవరూ కదలకపోతే తానే ఒక వల ఈడ్చబోయింది.  ఆ వలమీదే కూర్చుండిపోయి, నేలకు మొహం ఆనించి, మొగుణ్ణి పిలిచి పిలిచి ఏడ్చింది. గట్టు మీద ఏడవనివాళ్లు లేరు.

గుర్రపు డెక్కల చప్పుడు వినపడింది. యాభై మంది రౌతులు పిడికిలి గట్టును చుట్టుముట్టారు. ముందున్నవాడు రాజసేనాని భద్రాయుధుడు. గుర్రం దిగకుండానే ఆజ్ఞాపత్రం విప్పి చదివాడు.

"దుర్జయ మహారాజులవారి ఆన! పులికోన కట్ట తెంచినవారెవరో వారిని సంకెళ్లు వేసి తీసుకురావాలి. వారి తలమీద..."

అక్కడ ఆగిపోయాడు. తలపాగా పోయి, మసి కడుక్కుపోయి, తడిజుట్టుతో ఎదురుగా నిలబడ్డ మొహాన్ని చూశాడు. చేతిలో పత్రం జారింది. పాతికేళ్ల అలవాటు, పాపం, అతడి అదుపులో లేదు. గుర్రం దిగి మోకాలు నేలకు ఆనించాడు.

"యువరాజా!" అన్నాడు.

గట్టుమీద ఏడుపు ఆగిపోయింది. జనం ఒకడుగు వెనక్కి వేశారు. నూకాలు నెమ్మదిగా తలెత్తింది. సేనానిని చూసింది, అతడు మోకరిల్లింది ఎవరికో చూసింది. 

"నువ్వు రాజు కొడుకువా?"

కువలయుడు తల ఊపాడు.

"పొద్దున్న కూడా రాజు కొడుకువేనా? మా ఆయన నిన్ను ఉప్పుకూలోడివి, నీ మాట ఎందుకినాల అన్నప్పుడు కూడా?"

"అత్తా, నా పేరు తెలిస్తే కంకాళుడు మీ ఊరిని..."

"ఆ ఒక్క ముక్క అప్పుడు సెప్పుంటే," అంది నూకాలు, అతడి మాట విననట్టు, "మా ఆయన అప్పుడే వల తీసేసుండేవోడు కదయ్యా."

ఆమె కత్తిని అతడి కాళ్ల దగ్గర పెట్టింది. లేచి సేనానివైపు నడిచి, రెండు చేతులూ చాచింది. "కట్ట తెంచింది నేను. పదండి." భద్రాయుధుడు సంకెళ్లు అందుకున్నాడు గానీ కళ్లు మాత్రం యువరాజు మీదే ఉన్నాయి. రౌతులు ఈటెలు దించారు.

 కువలయుడు నేలమీది కత్తి తీసుకుని, ఆమెకూ సంకెళ్లకూ మధ్య వచ్చి నిలబడ్డాడు.